తలుపులు వేసుకుని బిగించిన కంప్యూటర్

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంది. అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి నేను నాలుగేళ్ళు చదివి, రెండు సబ్జెక్టులు రెండోసారి రాసి సంపాదించుకున్న మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా. రెండోది మా బాపు ఇక పనికి రాడని మెడికల్ బోర్డు ఇచ్చిన కాగితం. నాకు ఉద్యోగం వచ్చింది రెండో కాగితంతోనే. మొదటిదాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

గోదావరిఖనిలో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకు మాత్రం చెప్పాలి. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి జబ్బు వల్ల పని చెయ్యలేడని బోర్డు తేలిస్తే, అతని కొడుక్కి బాయిలో ఉద్యోగం ఇస్తారు. అందుకని మా దగ్గర 'అన్‌ఫిట్' అనేది చెడ్డమాట కాదు. బాపు అన్‌ఫిట్ అయ్యాడని తెలిసిన రోజు మా క్వార్టర్ల లైను లైనంతా వచ్చి పలకరించింది. "అయిందట గదనే, మంచిగైంది" అని ఆయన చేతులు పట్టుకుని మరీ సంతోషపడ్డారు. అవ్వ, అంటే మా అమ్మ, లడ్డూలు పంచింది. ముప్పై ఏళ్ళు భూమి లోపల పంపులు, బొగ్గు టబ్బులు లాగే హాలేజీ మిషన్లు విప్పి బిగించిన ఫిట్టరు, నువ్వు ఇక దేనికీ పనికిరావని రాసిచ్చినందుకు తనూ ఒక లడ్డూ తిన్నాడు. అందులో సగం చొక్కా మీదే రాలింది.

చేతుల వణుకు నిజమే. అందులో మోసం ఏమీ లేదు. చాయ్ గ్లాసు ఇస్తే మూడోవంతు నేల తాగుతుంది. చొక్కా గుండీలు అవ్వ పెడుతుంది. కానీ ఆ చేతికి ఒక స్పానరో, స్క్రూడ్రైవరో ఇస్తే వణుకు ఆగిపోతుంది. ఎందుకాగుతుందో నాకు తెలియదు. బోర్డులో డాక్టర్లు "చేతులు చాపు" అన్నారు, ఈయన చాపాడు, అవి వణికాయి, వాళ్ళు రాసుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. చేతిలో స్పానరు పెట్టి చూద్దామని వాళ్ళకు తోచలేదు. గుర్తు చెయ్యాలని మాకూ అనిపించలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు మొదలైంది. అంతకు ముందు మా లైన్లో ఎవరి కూలర్ ఆగినా, ఎవరి మిక్సీ కాలినా బాపు దగ్గరికే వచ్చేది. నాకు ఉద్యోగం వచ్చిన వారంలోనే, పక్కింటివాళ్ళ ఫ్యాను బిగించడానికి నిచ్చెన ఎక్కబోతుంటే నేనే వెళ్ళి ఆపాను. మా కాలనీల్లో ఆకాశరామన్న ఉత్తరాలకు కరువు లేదు. పనికిరాడని రాయించుకున్న మనిషి నిచ్చెనెక్కి ఫ్యాన్లు బిగిస్తున్నాడు, ఆయన కొడుకు నౌకరి సంగతి చూడండి, అని ఒక కార్డు ముక్క రాస్తే చాలు, ఎంక్వైరీ అంటారు. మందమర్రిలో ఎవరికో అట్లాగే అయిందని చెప్పుకునేవాళ్ళు. నిజమో అబద్ధమో కానీ భయపడటానికి అది సరిపోయింది.

"బాపు, ఇగ నువ్వేం ముట్టకు. ఎవ్వలు పిలిచినా పోకు" అన్నాను.

"పోను తియ్యి" అన్నాడు. పానాల పెట్టె మంచం కిందికి పోయింది. బాపు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలోకి పోయాడు. నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో, చేతులు తువ్వాల కింద పెట్టుకుని, దారిన పోయేవాళ్ళ మోటర్‌సైకిళ్ళ చప్పుడు విని ఏ బండికి ఏం రోగమో మెల్లగా తనలో తనే చెప్పుకుంటాడు.

ఇక నా సంగతి. ఇంజినీరింగ్ చదివిన నేను జనరల్ మజ్దూర్‌ను. అంటే ఏ పని చెప్తే ఆ పని. మొదటి షిఫ్టు చేసి, స్నానం చేసి, అన్నం తిన్నాక సాయంత్రం దాకా ఏం చెయ్యాలో తోచేది కాదు. మంచుకొండల్లో పొడుగు లారీలు నడిపే ఆట ఒకటుంది. దాని వీడియోలు ఫోన్లో చూసి చూసి, సొంతంగా ఆడాలని పిచ్చి పట్టింది. బాయిలో చెప్తే నవ్వారు. "ఎనిమిది గంటలు ఈడ టబ్బులు నూకి, ఇంటికి పోయి లారీలు తోల్తవా? దానికి ఓటీ గిట్ట ఇస్తరా?" అని ఒక అన్న అడిగాడు. అవ్వ బాధ వేరు. "పిల్లను చూద్దామంటే కంప్యూటర్ను చూస్తాండు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ కంప్యూటర్ కొనడానికి రెండు దార్లున్నాయి. తయారుగా ఉన్నది కొనుక్కోవడం, లేదా ముక్కలు ముక్కలుగా కొని మనమే బిగించుకోవడం. ఈ రెండింటి మీద జనం ఎంత కొట్టుకుంటారో, ఆ వీడియోల కింద రాసే మాటలు చదివితే తెలుస్తుంది. ఎన్నికలప్పుడు కూడా మా ఊళ్ళో అంత కోపాలు చూడలేదు. అదే డబ్బుకు సొంతంగా బిగించుకుంటే బొమ్మను గీసే కార్డు మంచిది వస్తుందని ఒకళ్ళు. పిన్ను ఒక్కటి వంగితే మదర్‌బోర్డు మొత్తం చెత్తబుట్టలోకే అని ఇంకొకళ్ళు. ఆ పిన్నులు వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి, వందల్లో ఉంటాయి.

నేను రెడీమేడ్ పక్షం. వారంటీ ఉంటుంది, ఫికర్ ఉండదు అని అందరికీ చెప్పాను. అసలు కారణం చెప్పలేదు. సొంతంగా బిగించడమంటే ఎవరు బిగించాలి? నాలుగేళ్ళ మెకానికల్ ఇంజినీరింగ్‌లో నేను బిగించిన స్క్రూ ఒక్కటి లేదు. ల్యాబు రికార్డులు కూడా పక్కవాడివి చూసి రాసినవే. ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నాడు, ఆయన చేతులు వణుకుతాయి.

చౌరస్తా దగ్గర కంప్యూటర్ దుకాణానికి పోతుంటే బాపు తనూ వస్తానన్నాడు. దుకాణదారు నా కంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఒక పక్క అద్దం ఉన్న నల్ల క్యాబినెట్ చూపించి స్విచ్చు వేశాడు. లోపల ఏడు రంగుల లైట్లు తిరిగాయి. నాకు అప్పుడే తీసుకుని పోవాలనిపించింది.

"కరెంటిచ్చే డబ్బ ఏదున్నది బిడ్డ దీంట్ల?" అన్నాడు బాపు.

"మంచిదే ఉంటది కాక. హైదరాబాదు నుంచి బిగించే వస్తది."

"జర ఇప్పు, చూస్తా."

"ఇప్పద్దు కాక, సీలు తీస్తే వారంటీ పోతది."

బాపు ఆ లైట్ల వైపు కాసేపు చూశాడు. "ఇప్పి చూడనియ్యనిదాన్ని కొంటే అది మనదెట్లయితది" అని నెమ్మదిగానే అన్నాడు. దుకాణదారు నా వైపు చూశాడు, నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను. ఏమీ కొనకుండా ఇంటికొచ్చాం.

ఆ తర్వాత పది రోజులు బాపు నా ఫోను వదల్లేదు. కంప్యూటర్ బిగించే వీడియోలు హిందీవి, ఇంగ్లీషువి, ఏ భాషవో కూడా తెలియనివి, అన్నీ సౌండు తీసేసి చూసేవాడు. "మాట అర్థం గాకున్న చెయ్యి అర్థమైతది" అనేవాడు. ప్రాసెసర్‌ను గూట్లో దించే చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఒక పొద్దున, డ్యూటీకి బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చాడు.

"ఒక్కసారి నన్ను చెయ్యనియ్యిరా. తలుపు ఏసుకొనే చేస్త. ఎవ్వలకు తెల్వది."

మా బాపు నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అదీ దొంగతనం చేసే మనిషిలాగా గొంతు తగ్గించి. నాకు మనసు చివుక్కుమంది. సరే అన్నాను. అన్నాను కానీ, షిఫ్టంతా ఆ పిన్నుల గురించే ఆలోచించాను.

విడివిడిగా ఆర్డరిచ్చిన సామాన్లు వచ్చాక బాపు వెంటనే ముట్టుకోలేదు. ముందు ఎర్త్ కావాలన్నాడు. మా క్వార్టర్లో మూడు పిన్నుల సాకెట్లున్నాయి కానీ మూడో పిన్ను అలంకారానికే. పెరట్లో బొప్పాయి చెట్టు పక్కన నాతో గుంత తవ్వించాడు. రాడ్డు దింపి, చుట్టూ ఉప్పు, కట్టెబొగ్గు వెయ్యాలన్నాడు. మా ఊరు నిలబడ్డదే బొగ్గు మీద, అయినా కట్టెబొగ్గు కోసం ఒక పూటంతా తిరిగాను. చివరికి బట్టలు ఇస్త్రీ చేసే ఆయన దగ్గర అర సంచి దొరికింది.

నా సెలవు రోజు పొద్దున పది కాగానే ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు వేశాం. బాపు మెయిన్ ఆఫ్ చేసి, ఒక అట్టముక్క మీద 'మనిషి పని మీద ఉన్నాడు, వేయరాదు' అని నాతో రాయించి స్విచ్చుకు వేలాడదీశాడు. బాయిలో మిషను ముట్టుకునే ముందు అట్లాగే చేస్తారు. ఇంట్లో ఉన్నది ముగ్గురం, అవ్వకు చదువు రాదు, నేను పక్కనే ఉన్నాను. అయినా బోర్డు ఉండాలన్నాడు. ఫ్యాను లేక ముగ్గురం చెమటతో తడిసిపోయాం.

తువ్వాల కింద నుంచి చేతులు బయటికొచ్చాయి. వణుకుతూనే స్క్రూడ్రైవరు అందుకున్నాయి. అందుకోగానే ఆగిపోయాయి. ప్రాసెసర్‌ను రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని గూటి మీదికి తెచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది కూర్చుని ఉంది. "నొక్కద్దు, అదే దిగాలె" అన్నాడు, నేనేదో నొక్కబోయినట్టు. తీగలన్నీ ఒక్కొక్కటి విడదీసి, దారాలతో కట్టి, మదర్‌బోర్డు వెనక నుంచి నడిపించాడు. నాలుగేళ్ళ తర్వాత ఆయన ముఖంలో చిరాకు చూశాను, నేను ఫోను లైటు సరిగ్గా పట్టుకోవడం లేదని. ఆ చిరాకు చూసి నాకు పండగ అనిపించింది.

మధ్యలో తలుపు కొట్టిన చప్పుడైంది. పక్కింటి అక్క, కరివేపాకు కోసం. క్షణంలో బాపు కుర్చీలో కూర్చుని చేతులు తువ్వాల కింద పెట్టేశాడు. స్క్రూడ్రైవరు నా చేతికొచ్చింది. అక్క లోపలికి తొంగి చూసి, "తమ్మి ఏందో బిగిస్తాండే" అని మెచ్చుకుని, కరివేపాకు తీసుకుని పోయింది. అవ్వ తలుపు గొళ్ళెం పెట్టింది, స్క్రూడ్రైవరు మళ్ళీ ఆయన చేతిలోకి పోయింది.

చివర్లో ఫ్యాన్లు బిగిస్తూ, "ముందటికెల్లి గాలి లోపలికి, ఎనుకకెల్లి బయటికి. బాయిల లెక్కనే. ఈ జాలీలు మాత్రం మూయకు" అని చెప్పాడు. నేను ఊ అన్నాను. అప్పటికి ఆట డౌన్‌లోడ్ చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో చూస్తున్నాను.

స్విచ్చు వేస్తే మొదటిసారికే వెలిగింది. అవ్వ మానిటరుకు బొట్టు పెట్టింది. బాపు ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

వారం రోజులు మంచుకొండల్లో లారీలు నడిపాను. మా కాలనీకి దగ్గర్లోనే, నేలను పైనుంచి పేల్చి తవ్వే ఓపెన్‌కాస్టు గని. మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు అదురుతాయి, కాసేపటికి ఆరేసిన బట్టల మీద నల్లటి పొర పడుతుంది. వారానికల్లా కంప్యూటర్ అద్దం లోపల కూడా అదే పొర కనిపించింది. నాకు వెంటనే ట్రైనింగులో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. భూమి లోపల కరెంటు పెట్టెలకు వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. సందు ఉంటే నిప్పురవ్వ బయటికొస్తుంది, బయట గ్యాసు ఉంటుంది, ఇక చెప్పేదేముంది. ఆ పాఠంలో నాకు మంచి మార్కులొచ్చాయి. బాపు నెల గోలీలకు దవాఖానకు పోయిన పూట, తలుపు సందులకు అంటించే నల్ల స్పాంజి పట్టీలు కొనుక్కొచ్చి, ముందు జాలీ, పై జాలీ, వెనక జాలీ, అన్నీ శుభ్రంగా మూసేశాను. నల్ల డబ్బా మీద నల్ల పట్టీలు కనిపించను కూడా లేదు. చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చిందని లోలోపల మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం, కొండ మలుపులో లారీ తిప్పుతుంటే తెర నల్లబడింది. మళ్ళీ వేస్తే పది నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. మూడుసార్లు అట్లాగే అయింది. నా పట్టీల మీదికి నా మనసు ఒక్కసారి కూడా పోలేదు. తిన్నగా ఆ వేళ్ళ మీదికే పోయింది.

"ఎక్కడో జాయింటు లూజున్నది. సరిగ బిగియ్యలే నువ్వు" అన్నాను.

"అన్ని బరాబర్ బిగించిన బిడ్డ. ఏదీ, ఒకసారి ఇప్పి..."

"ఇప్పేదేం లేదు. నీ చేతులు పనికిరావని బోర్డు ఊకనే రాసిందా?"

అన్నాక తెలిసింది ఏమన్నానో. బాపు నా వైపు చూడలేదు. స్క్రూడ్రైవరును పెట్టెలో, దాని చోటులో పెట్టి, పెట్టెను కాలితో మంచం కిందికి తోశాడు. వరండాలోకి పోయి కూర్చున్నాడు. అవ్వ వంటింట్లో నుంచి వచ్చింది. "పనికిరావని రాస్తెనే గద బిడ్డ నీకు నౌకరచ్చింది" అని మళ్ళీ లోపలికి పోయింది. ఆ రాత్రికి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నేను తప్పు మాట అన్నానని తెలుసు. కానీ మాటే తప్పు, విషయం తప్పు కాదు అనుకున్నాను. ఇది ఇప్పుడు రాస్తుంటే కూడా ముఖం వేడెక్కుతోంది.

రెండు రోజుల తర్వాత క్యాబినెట్‌ను ఆటోలో పెట్టుకుని అదే దుకాణానికి బయల్దేరాను. పిలవకుండానే బాపు వచ్చి ఆటో ఎక్కి, దాన్ని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. స్పీడ్ బ్రేకర్లకు అదురుతుంది కదా అని. దారిలో ఆయన చెయ్యి వెనక జాలీ మీద ఆగడం, ఆ స్పాంజిని ఒకసారి తడమడం చూశాను. నాకప్పుడు కూడా ఏమీ అర్థం కాలేదు.

దుకాణంలో ప్రింటరుకు సిరా నింపించుకుంటూ మా బాయి ఆఫీసు క్లర్కు కూర్చుని ఉన్నాడు. మా అందరి హాజరు, కాగితాలు చూసేది ఆయనే. పలకరించాను. దుకాణదారు స్విచ్చు వేసి, క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"పొయ్యిలెక్క కాల్తాంది గదన్న. గాలేది దీనికి? ఊపిరాడక పడిపోతాంది" అంటూ స్పాంజి పట్టీలు ఒక్కొక్కటే పీకేశాడు. మళ్ళీ వేసి, ఏదో పరీక్ష పెట్టాడు. అరగంట నడిచింది. ఆగలేదు. భూమి లోపల మనుషులు బతికేదే ఒక దారిన వచ్చి ఒక దారిన పోయే గాలితో. రోజూ ఆ గాలి పీల్చే ఇంజినీరును నేను.

తర్వాత అతను పక్క మూత తీసి లోపల చూసి, ఆగిపోయాడు. దారాలతో కట్టిన తీగల మీద వేలు నడిపించాడు. ఒక్కొక్క స్క్రూ ముట్టి చూశాడు.

"హైదరాబాదు నుంచి వచ్చేటియి గూడ గిట్లుండయి. ఎవలు బిగించిండ్రన్న? నిజం చెప్తాన, గీ చెయ్యి నాకు గావాలె. రోజు వచ్చి కూసున్న చాలు, నా దుకాణంల పని ఉన్నది."

క్లర్కు కూడా లేచి వచ్చి తొంగి చూశాడు. నేను నోరు తెరిచాను. మా బాపు అని చెప్పాలనే ఉంది నాకు. గట్టిగా, దుకాణమంతా వినబడేలా చెప్పాలని ఉంది. ఒక్కసారి క్లర్కు ముఖం వైపు చూశాను. చూసినంతసేపే. ఆ లోపల బాపు మాట్లాడాడు.

"మావోడే బిడ్డ. ఇంజినీరింగ్ చదివిండు గద."

"మరి గీ స్పాంజి పట్టీలేందన్న? ఇంత తెలివి ఉండి..." అని దుకాణదారు నా వైపు తిరిగాడు.

"అవి నేను పెట్టిన" అన్నాడు బాపు. "దుమ్ము లోపలికి వోతదని. పాతకాలపోన్ని, నాకేం ఎరుక." తువ్వాల తీసి రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. ఉత్త చేతులు. బోర్డు ముందు ఎట్లా వణికాయో అట్లాగే వణికాయి.

దుకాణదారు నవ్వాడు. చెడ్డగా కాదు, పెద్దవాళ్ళను చూసి నవ్వినట్టే. క్లర్కు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత మంచిగ బిగించినవు తమ్మీ. జర చూస్కో, మీ బాపును దాన్ని ముట్టనియ్యకు."

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. బాపు వైపు చూశాను. ఆయన చేతులు మళ్ళీ తువ్వాల కింద పెట్టుకుని, ఊ అను, అన్నట్టు నాకు తల ఊపాడు.

"సరే సార్, ఇగ ముట్టనియ్యను" అన్నాను.